యాడ్ వచ్చినప్పుడల్లా రిమోట్ వెతుక్కోకుండా: టీవీ సౌండ్‌కు ఏ ఇంటికి ఏ మార్గం?

రాత్రి తొమ్మిది దాటాక కర్నూలులో మా ఇంట్లో రోజూ ఇదే తంతు. నాయన హాల్లో మంచం మీద ఒరిగి సీరియల్ చూస్తుంటాడు. తెర మీద కోడలు ఏడుస్తూ మెల్లగా ఏదో చెబుతుంది. "రోంత పెంచురా, ఏమంటాందో ఇనపడల్యా" అంటాడు. 30 మీద ఉన్న సౌండ్ 42కు పెంచుతాను. ఆ మాట చెవిన పడేలోపే యాడ్ వస్తుంది. సబ్బుదో, చీరల షాపుదో, సిమెంటుదో, ఏదైనా సరే, ఇల్లంతా అదురుతుంది. లోపలి గదిలో పదో తరగతి చదువుతున్న మా పాప తలుపు వేసుకుంటుంది. పక్కింటివాళ్లకూ మాకూ మధ్యలో ఉన్నది ఒకే గోడ. సరిగ్గా అప్పుడే రిమోట్ కనిపించదు.

దీన్ని సరిచేయడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. డబ్బు పెట్టి కొన్నవాటికంటే ఊరికే మార్చుకున్నవే ఎక్కువ పని చేశాయి. మొదట్లో నేను చేసిన తప్పు, ఇబ్బంది ఏమిటో తేల్చుకోకుండా నేరుగా షాపుకు వెళ్లడం. "టీవీ సౌండ్ సరిగా లేదు" అనే ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు ఇబ్బందులు ఉంటాయి. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు.

ముందు మీ ఇంటి ఇబ్బంది ఏదో చూడండి

ఒక సాయంత్రం కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చోండి. సౌండ్ మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చారో రాసుకోండి. కార్యక్రమం బాగానే వినిపించి యాడ్ మాత్రమే మోగిపోతోందా? సినిమాలో మాటలు తగ్గి ఫైట్లు, పాటలు చెవులు పగలగొడుతున్నాయా? ఒక చానల్ నుంచి ఇంకో చానల్‌కు, లేదా బాక్సు నుంచి యూట్యూబ్‌కు మారినప్పుడు తేడా వస్తోందా? లేక ఇంట్లో అందరికీ సరిపోయే సౌండ్ ఒక్కరికి మాత్రమే చాలడం లేదా? మా ఇంట్లో నాలుగూ ఉన్నాయని తేలింది. చాలా ఇళ్లలో మాత్రం ఒకటో రెండో ఉంటాయి.

యాడ్ ఎందుకు మోగుతుందో తెలిస్తే మిగతాది సులువు. చానల్ పంపే సౌండ్‌కు ఒక పై హద్దు ఉంటుంది. సినిమా అయినా యాడ్ అయినా దాన్ని దాటలేదు. తేడా అంతా ఆ హద్దు లోపల ఎంత నింపారన్న దానిలోనే ఉంది. మానికలో చెనిక్కాయలు పోస్తే అంచు దాకా నిండినట్టే కనిపిస్తుంది గానీ కాయకూ కాయకూ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది. అదే మానికలో రాగిపిండి అదిమి నింపితే అంచు మారదు, బరువు మాత్రం ఎక్కడికో పోతుంది. సీరియల్ చెనిక్కాయల మానిక: మధ్యలో మౌనం, గుసగుస, మెల్లటి మాట, ఎప్పుడో ఒక కేక. యాడ్ రాగిపిండి మానిక: ముప్పై సెకన్లలో ప్రతి మాటనూ, ప్రతి తాళాన్నీ హద్దు దాకా అదిమి నింపుతారు. దీన్ని కంప్రెషన్ అంటారు. మన చెవి కొలిచేది అంచును కాదు, బరువును.

మన దేశంలో నియమం లేకపోలేదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాల్లో, యాడ్‌లో వినిపించేది మితిమీరిన శబ్దంతో ఉండకూడదని ఉంది. మితిమీరడం అంటే ఎంతో చెప్పే కొలత మాత్రం ఆ వాక్యంలో లేదు. అమెరికాలో 2010లో దీనికోసమే ప్రత్యేకంగా చట్టం చేశారు. యాడ్ సగటు సౌండ్ కార్యక్రమం సగటును మించకూడదన్న షరతు 2012 డిసెంబరు నుంచి అక్కడి టీవీ చానళ్లకు అమల్లో ఉంది. మనకు అలాంటి కొలత వచ్చేదాకా పని మన చేతుల్లోనే ఉంది.

పైసా ఖర్చు లేనివి

మొదట చూడాల్సింది బాక్సు సౌండ్. ఇది చాలామంది పట్టించుకోరు. కేబుల్ అయినా డిష్ అయినా మన దగ్గర రెండు సౌండ్‌లు ఉంటాయి: ఒకటి సెట్‌టాప్ బాక్సుది, ఇంకోటి టీవీది. రెండు రిమోట్‌లూ చేతిలో తిరుగుతుంటే ఎవరు దేన్ని తగ్గించారో గుర్తుండదు. మా ఇంట్లో బాక్సు సౌండ్ సగానికి పడిపోయి ఉంది. అది తెలియక టీవీని పెంచుకుంటూ పోయాం. దాంతో మాట వెనక సన్నటి హోరు వచ్చింది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, అదే టీవీలో యూట్యూబ్ పెట్టగానే పిడుగు పడినట్టు మోగేది. యూట్యూబ్‌కు బాక్సుతో సంబంధం లేదు కదా, దానికి టీవీ సౌండ్ ఒక్కటే. బాక్సు సౌండ్‌ను పూర్తిగా గానీ, అక్కడ మాట బొంగురుపోతే దానికి రెండు మూడు మెట్లు కింద గానీ పెట్టి ఇక ముట్టకండి. ఆ తర్వాత టీవీ రిమోట్ ఒక్కటే వాడండి. ఇలా చేశాక మా టీవీ 20 దగ్గర నిలబడింది. బాక్సుకూ యూట్యూబ్‌కూ మధ్య తేడా చాలావరకు పోయింది.

ఒక హెచ్‌డీ చానల్ మెల్లగా, పక్క చానల్ గట్టిగా వస్తుంటే బాక్సు సెట్టింగుల్లో ఆడియో దగ్గర చూడండి. డాల్బీ (సినిమా హాలు తరహా సౌండ్) అని ఉంటే స్టీరియో లేదా పీసీఎం (మామూలు రెండు స్పీకర్ల సౌండ్) అని మార్చండి. డాల్బీలో వచ్చే చానళ్లు మామూలు చానళ్లకంటే తక్కువ సౌండ్‌తో వినిపించడం మామూలే. ఇంట్లో ఉన్నవి టీవీ సొంత స్పీకర్లే అయితే డాల్బీ వదులుకున్నందుకు పెద్దగా నష్టం లేదు. మార్చాక తేడా తగ్గిందా లేదా అన్నది ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. తగ్గకపోతే వెనక్కి పెట్టేయండి.

ఇక టీవీలోనే ఉండే ఆటో వాల్యూమ్. కంపెనీని బట్టి అడ్వాన్స్‌డ్ ఆటో వాల్యూమ్ అనో, వాల్యూమ్ లెవలర్ అనో ఉంటుంది. ఎక్కువ టీవీల్లో సెట్టింగులు, సౌండ్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ లేదా ఎక్స్‌పర్ట్ అన్నదానిలో దొరుకుతుంది. పెద్ద సౌండ్ వస్తే అణచడం, మెల్లగా ఉంటే లేపడం దీని పని. యాడ్ల గోల ఒక్కటే మీ బాధ అయితే ఏమీ కొనకుండా ముందు దీన్ని ఆన్ చేయండి. వార్తలకు, సీరియళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. మా ఇంట్లో సగం గొడవ దీనితోనే తగ్గింది.

దీనికి మూడు లోపాలున్నాయి. యాడ్ మొదలైన తర్వాతే అణుస్తుంది కాబట్టి మొదటి మాట ఎగిరిపడే వస్తుంది. క్రికెట్‌లో వ్యాఖ్యాత ఊరుకోగానే జనం హోరును పైకి లేపుతుంది. అన్నిటికంటే బాధ కలిగించేది సంగీతం విషయం. తెల్లవారుజామున సుప్రభాతం పెట్టుకునే ఇంట్లో, కచేరీ వినే ఇంట్లో ఇది పాట ఎత్తుపల్లాలన్నిటినీ చదును చేసేస్తుంది. అమ్మ రెండో రోజే కనిపెట్టింది, "పాట ఊపిరాడనట్టు ఉంది" అని. అందుకే పొద్దున ఆఫ్, సాయంత్రం ఆన్ అని మేం పెట్టుకున్నాం. టీవీలో స్టాండర్డ్, మూవీ, మ్యూజిక్ అని సౌండ్ రకాలుంటాయి. కొన్ని టీవీల్లో ఒక్కో రకానికి వేరే సెట్టింగులు గుర్తుంచుకునే వీలుంది. అప్పుడు రోజూ లోపలికి వెళ్లి వెతుక్కునే పని తప్పుతుంది.

క్లియర్ వాయిస్, వాయిస్ జూమ్ లాంటివి వేరే సరుకు. అవి యాడ్‌ను తగ్గించవు. మాట వినిపించే స్వరాన్ని పెంచి, బరువైన దరువును తగ్గిస్తాయి. సినిమాలో మాటలు మునిగిపోతున్నాయనే వాళ్లకు ఇవే కావాలి.

సినిమా సంగతి వేరే ఎందుకంటే, థియేటర్ కోసం సౌండ్‌ను ఆరు దారుల్లో సిద్ధం చేస్తారు: ముందు ఎడమ, కుడి, మధ్య, వెనక రెండు పక్కలు, బరువైన శబ్దాలకు ఒకటి. పాత్రల మాటలు ఎక్కువగా మధ్య దారిలో వస్తాయి. మన టీవీకి ఉన్నవి అడుగున నేల వైపు తిరిగి ఉన్న రెండు చిన్న స్పీకర్లు. ఆరు దారులనూ ఆ రెండింట్లో కుక్కితే మాట కింద పడి, దరువు పైన కూర్చుంటుంది. ఓటీటీలో చూస్తున్నప్పుడు ఆడియో ఎంపికలో 5.1 (ఆ ఆరు దారులదే) కాకుండా మామూలు తెలుగు ట్రాక్ ఉంటే దాన్నే ఎంచుకోండి. యూట్యూబ్‌లో అయితే గేర్ గుర్తు నొక్కి స్టేబుల్ వాల్యూమ్ ఉందేమో చూడండి. 2023లో తెచ్చిన ఈ సదుపాయం ఒకే వీడియోలోని హెచ్చుతగ్గులను సర్దుతుంది.

బండలు, కూలరు

రాయలసీమ ఇళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఇంటి నేల బేతంచెర్ల బండలు. కడప వైపు నల్లబండలు, కొత్త ఇళ్లలో టైల్స్ లేదా గ్రానైట్. పైన స్లాబు, పక్కన సున్నం వేసిన బోడి గోడలు. ఎండాకాలం కాళ్లకు చల్లగా ఉంటుంది గానీ సౌండ్‌కు ఇంతకంటే పాడు గది ఉండదు. మాట ఒకసారి స్పీకర్ నుంచి, ఆ వెంటనే నేల నుంచి, గోడ నుంచి, స్లాబు నుంచి వచ్చి ఒకదాని మీద ఒకటి పడుతుంది. సౌండ్ పెంచినకొద్దీ ప్రతిధ్వని కూడా పెరుగుతుంది, మాట మాత్రం తేటపడదు. టీవీ ముందు జంపఖానా పరచండి, ఎదుటి కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. టీవీని గోడ గూట్లో లోపలికి తోసి పెట్టి ఉంటే అంచు దాకా ముందుకు జరపండి. ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టి, జంపఖానా వేశాక మళ్లీ కొట్టి వినండి.

కూలరు ఇంకో శత్రువు. మార్చి నుంచి జూన్ దాకా అది ఆగదు, ఆపమనీ అనలేం. దాని హోరును దాటి మాట వినపడాలని టీవీ పెంచుతాం. యాడ్ రాగానే ఆ పెంపు మొత్తం మన మీదే పడుతుంది. కూలరు టీవీ పక్కన గానీ, వినే మనిషి తల దగ్గర గానీ ఉంటే చోటు మార్చండి. కిటికీ బయట బిగించుకోగలిగితే మరీ మంచిది.

అన్నిటికంటే చవకైనది కుర్చీ జరపడం. బయలు చోట దూరం సగం చేస్తే నేరుగా వచ్చే సౌండ్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో అంత రాకపోయినా తేడా తప్పకుండా తెలుస్తుంది. నాయన మంచం టీవీకి పన్నెండు అడుగుల దూరంలో ఉండేది. ఇప్పుడు ఆయన కుర్చీ ఆరు అడుగుల దగ్గర ఉంది. ఆయనకు పెరిగింది, పాప గదిలో పెరగలేదు.

కొనాలనుకుంటే

ఇవన్నీ చేశాక కూడా సినిమాల్లో మాట మునుగుతుంటే అప్పుడు సౌండ్ బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) గురించి ఆలోచించండి. నాలుగైదు వేల నుంచే దొరుకుతాయి. షాపులో మాత్రం దరువు ఎంత అదురుతుందో చూపించి అమ్ముతారు. మన అవసరం దానికి సరిగ్గా వ్యతిరేకం. 2.1 అంటే రెండు పక్కలు, బరువైన శబ్దాలకు ఒక డబ్బా. మాటకు ప్రత్యేక స్పీకర్ లేదు. 3.1 అంటే మధ్యలో మాట కోసం ఒకటి ఉన్నట్టు. పెద్దవాళ్లున్న ఇంటికి వాట్లు తక్కువైనా 3.1 మేలని నా గట్టి అభిప్రాయం. నైట్ మోడ్, వాయిస్ మోడ్ ఉన్నాయో లేదో రిమోట్ మీద చూసి మరీ తీసుకోండి. పెద్ద శబ్దాలను అణచి చిన్నవాటిని లేపేది నైట్ మోడే.

ఇక్కడ నేను దెబ్బతిన్నాను, మీరు తినకూడదు. మొదట నేను తెచ్చింది నైట్ మోడ్ లేని 2.1 బార్. దాన్ని హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ సౌండ్‌ను బయటి స్పీకర్‌కు పంపే దారి) ద్వారా కలిపాక టీవీలోని ఆటో వాల్యూమ్ పనిచేయడం మానేసింది. చాలా టీవీల్లో అది సొంత స్పీకర్లకే వర్తిస్తుంది, బయటికి వెళ్లే సౌండ్‌ను ముట్టదు. యాడ్లు అంతకుముందుకంటే బాగా మోగాయి, పైగా దరువుతో. షాపుకు వెళ్లినప్పుడు పాట వేయించుకోకండి. తెలుగు న్యూస్ చానల్ పెట్టించి, యాడ్ వచ్చేదాకా కూర్చుని, నైట్ మోడ్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి వినండి. అందుకు ఒప్పుకోని షాపులో కొనకండి.

హెడ్‌ఫోన్స్ చదువుకునే పిల్లలున్న ఇంటికి, రాత్రిపూట ఒక్కరే చూసే ఇంటికి మంచివి. బ్లూటూత్ అయితే పెదవులు ముందు, మాట వెనక అన్నట్టు కొంచెం ఆలస్యం రావచ్చు. చాలా టీవీల్లో హెడ్‌ఫోన్ కలపగానే టీవీ స్పీకర్ ఆగిపోతుంది, పక్కనున్నవాళ్లకు వినపడదు. రెండూ ఒకేసారి మోగేలా సెట్టింగ్ ఉందో లేదో ముందే చూసుకోండి. సౌండ్‌కు హద్దు కూడా కావాలి. పెద్దలకు 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ అంతే సమయం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సురక్షిత పరిమితి. నాయనకు మాత్రం నేను హెడ్‌ఫోన్స్ పెట్టనివ్వలేదు. పగలంతా ఇంట్లో ఆయనొక్కడే ఉంటాడు. వాకిట్లో ఎవరైనా పిలిచినా, కుక్కర్ విజిల్ వేసినా వినపడాలి.

ఇబ్బంది టీవీలో కాక చెవిలో ఉంటే

మా కాగితం మీద ఎక్కువసార్లు వచ్చిన కారణం ఇదే, నేను అన్నిటికంటే చివర పట్టించుకున్నదీ ఇదే. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందుగా పోయేవి సన్నటి, ఎత్తైన స్వరాలు. స, ష, త, క లాంటి హల్లులు అక్కడే ఉంటాయి. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. అందుకే "సౌండ్ వినపడుతోంది, మాట తెలియడం లేదు" అంటారు. అది మొండితనం కాదు, అక్షరాలా నిజం. ఇంకో సంగతి ఉంది. ఇలాంటి చెవికి మెల్లటిది అస్సలు వినపడదు, కొంచెం పెరగగానే భరించలేనంత అవుతుంది. ఈ రెంటికీ మధ్య ఉండే జాగా ఇరుకైపోతుంది. పెంచమని అడిగిన నాయనే యాడ్ రాగానే "చెవులు పోతాయి, తగ్గించు" అని ఎందుకు కసురుకునేవాడో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. అంతకుముందు ఆయన మీద విసుక్కున్నాను. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో కూడా "ఆఁ? ఏంటీ?" అని పదేపదే అడుగుతుంటే సౌండ్ బార్‌కు ముందు ఆడియోమెట్రీ (వినికిడిని కొలిచే) పరీక్ష చేయించండి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు మూడింట్లోనూ ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ఒక్కోసారి గులిమి తీసేస్తేనే సరిపోతుంది. వినికిడి మిషన్ అవసరమైతే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 ఏళ్లు దాటినవాళ్లకు కేంద్రం వయోశ్రీ పథకం ఉంది. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. అందులో ఇచ్చే ఉపకరణాల్లో వినికిడి మిషన్ కూడా ఉంది. అమర్చుకున్న కొత్తలో చప్పుళ్లన్నీ మీద పడ్డట్టు ఉంటుంది, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. నాయన మొదటి వారం రెండుసార్లు తీసి డబ్బాలో పెట్టేశాడు. మనవరాలు కూర్చుని రోజుకు గంట చొప్పున పెంచుతూ అలవాటు చేసింది.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నవి ఇవి: బాక్సు సౌండ్ పైన, టీవీ 18 దగ్గర, సాయంత్రాలు ఆటో వాల్యూమ్, నేల మీద జంపఖానా, దగ్గరికి జరిపిన కుర్చీ, నాయన చెవికి మిషన్. సౌండ్ బార్ మా చెల్లెలు వాళ్లింటికి వెళ్లింది. వాళ్లు పాటలు వింటారు, అక్కడ అది బాగా ఉంది.

ఒక్కటి మిగిలింది, లోకల్ కేబుల్ చానల్. మధ్యాహ్నం పాత సినిమా నడుస్తుండగా ఊళ్లోని షాపుల యాడ్లు పడేవి. ఏ సెట్టింగుకూ లొంగేవి కావు. ఒకరోజు కేబుల్ అతనికి ఫోన్ చేసి ఏ యాడ్, ఎన్ని గంటలకు వచ్చిందో చెప్పాను. "వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినారు సార్, అట్లే ఎక్కించినాం. మేం ఆఫీసులో వినేటప్పుడు సౌండ్ తగ్గించే ఉంటాది, తెలీలేదు" అన్నాడు. పెద్ద చానళ్ల యాడ్ల మీద అతనికి అధికారం లేదు గానీ తన సొంత చానల్‌ది అతని చేతిలోనే ఉంది. రెండు రోజుల్లో తగ్గించాడు. మీరూ చేయండి. "సౌండ్ ఎక్కువ వస్తాంది" అని ఊరికే అనకుండా చానల్, సమయం, షాపు పేరు, ఈ మూడూ చెప్పండి.